చప్పుడు తగ్గిందని మురిసిపోకు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ స్విఫ్ట్ డీజిల్ బండికి చిప్ ట్యూనింగ్ (శక్తి పెంచడానికి ఇంజన్‌ను నడిపే కంప్యూటరు లెక్కలు మార్చడం) చేయించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా చేత వద్దనిపించాలన్నది ఆమె ఆలోచన. కాని డీజిల్ లోకోషెడ్డులో 16 సిలిండర్ల, 2,600 గుర్రపు శక్తి ఇంజన్ల మధ్య ఉద్యోగమంతా గడిపినవాడిని, ఇంకాస్త పికప్ కావాలనుకునే కుర్రవాణ్ణి తప్పుపట్టలేను. చేయించుకో. కాని ఇంజన్ చప్పుడునూ మానిఫోల్డ్‌లోని (సిలిండర్ల పొగను పోగుచేసే గొట్టంలోని) వేడినీ ఎప్పుడూ కలిపే చూడాలన్న సంగతి ముందుగా తెలుసుకో. చప్పుడును నీ చెవి పట్టుకుంటుంది. వేడిని మీటరు తప్ప మరేదీ పట్టుకోలేదు.

ఇంజెక్టరు చిమ్మిన డీజిల్ తక్షణమే అంటుకోదు. నలిగి వేడెక్కిన గాలిలో కలిసి ఆవిరయ్యేందుకు రెప్పపాటులో చిన్న భాగమైనా పడుతుంది. ఆ ఆలస్యంలో సిలిండర్‌లో ఎంత డీజిల్ పోగుపడితే, అంటుకున్నప్పుడు అంతా ఒక్కసారిగా భగ్గుమని పీడనం ఎగదన్ని, మనం వినే టకటక పుడుతుంది. అందుకే కామన్‌రైల్ ఇంజన్లలో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే రకం) అసలు మోతాదుకు ముందు చిటికెడు డీజిల్‌ను పైలట్‌గా చిమ్మి, మంట మెత్తగా మొదలయ్యేలా చూస్తారు. ఆ గొట్టంలోని పీడనాన్ని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సార్ తీగకు మధ్యలో తగిలించే చవక పెట్టెలు సరిగ్గా ఇక్కడే కొంప ముంచుతాయి. పీడనం ఉన్నదానికన్నా తక్కువగా ఉందని ఈసీయూకు (ఇంజన్ కంప్యూటరుకు) అబద్ధం చెప్పి పంపు చేత ఎక్కువ తొక్కిస్తాయి. దానితో చిటికెడు కావలసిన పైలట్ కూడా గుప్పెడవుతుంది, బండి నిలబడి ఉన్నప్పుడు సైతం మేకులు పోసిన డబ్బాలా మోగుతుంది. అటువంటి పెట్టె నీ బండి దగ్గరికి రానివ్వకు. ఈసీయూలోని మ్యాప్‌నే (ఎప్పుడు ఎంత డీజిల్ చిమ్మాలో చెప్పే పట్టికనే) తిరగరాసేవాడి దగ్గరికి మాత్రమే వెళ్లు.

ఇక వేడి సంగతి కొంచెం ఓపికగా చదువు, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. కిలో డీజిల్ పూర్తిగా మండడానికి లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి చాలు. కాని డీజిల్ ఇంజన్‌లో గాలీ ఇంధనమూ పూర్తిగా కలవవు కాబట్టి 18 నుంచి 20 కిలోలైనా లేకపోతే నల్లపొగ మొదలవుతుంది. టర్బో (పొగ ఊపుతో తిరిగి గాలిని సిలిండర్లలోకి తోసే పంకా) ఇచ్చే గాలి అంతే ఉండగా డీజిల్ మాత్రమే పెంచుతూ పోతే శక్తి ఒకచోట ఆగిపోతుంది, పొగా వేడీ మాత్రం పెరుగుతూనే ఉంటాయి. దీనికి తోడు, ఇంజెక్షన్ సమయాన్ని (టైమింగ్‌ను) ముందుకు జరిపితే మంట పిస్టన్ పైనుండగానే ముగిసి పొగగొట్టం చల్లగా ఉంటుంది కాని సిలిండర్ పీడనమూ చప్పుడూ పెరుగుతాయి. వెనక్కి జరిపితే చప్పుడు మెత్తబడుతుంది కాని, మంట సాగి సాగి చివరికి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు ఇంకా మండుతూనే బయటపడి మానిఫోల్డ్‌నూ టర్బోనూ కాలుస్తుంది.

చాలా ఏళ్ల కిందట నా సొంత బండికి మ్యాప్ రాయించినప్పుడు, టకటక ఎక్కువైందని ఫిర్యాదు చేస్తే, అది రాసిన కుర్రాడు పది నిమిషాల్లో ఏదో సర్ది పంపాడు. ఇంజన్ పట్టులా నడిచింది, నేను వీధంతా తిరిగి చెప్పుకున్నాను. తరువాతి వేసవిలో అయిదుగురిమి ఏసీ వేసుకుని ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా ఈలలాంటి శబ్దం మొదలయింది. విప్పి చూస్తే మానిఫోల్డ్ పగిలి ఉంది. టైమింగ్‌ను వెనక్కి నెట్టి చప్పుడు దాచిపెట్టాడన్న సంగతి అప్పుడు తెలిసింది. చప్పుడు పోయిందనుకున్నాను, అది వేడిగా మారి వేరే దారిన వెళ్లిందని గ్రహించలేదు. షెడ్డులో అన్నేళ్లు పనిచేసిన నాకే ఇలా జరిగిందంటే మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

కాబట్టి మొదటి ఖర్చు ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటరుకు పెట్టు. దాని సెన్సార్ (కె-టైప్ థర్మోకపుల్ అని అడుగు) టర్బోకు ముందు, మానిఫోల్డ్‌లోనే ఉండాలి. టర్బో తరువాత పెడితే 100 డిగ్రీలకు పైగా తక్కువ చూపించి నిన్ను మభ్యపెడుతుంది. సాగే ఎక్కుడులో 700 నుంచి 750 డిగ్రీల సెల్సియస్ వరకు నేను ఒప్పుకుంటాను. ఓవర్‌టేక్ చేసే కొద్ది సెకన్లలో 800 తగిలితే కంగారుపడను, అక్కడే నిలిచిపోతే మాత్రం కాలు తీసేస్తాను. పిస్టన్‌లోని అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కిందినుంచి చిమ్మే ఆయిలూ, చుట్టూ ఉన్న నీళ్లూ దాన్ని కాపాడుతున్నాయి కాబట్టే బండి నడుస్తోంది. మానిఫోల్డ్‌ను బండి మీదే ఉంచి రంధ్రం వేస్తామంటే ఒప్పుకోకు, ఒక్క ఇనుప రజను టర్బో రెక్కకు చాలు. మన సముద్రపు ఉప్పుగాలికి తీగల కనెక్షన్లు త్వరగా పచ్చబడి తప్పు అంకెలు చూపిస్తాయి కనుక వాటికి గ్రీజు పూయించు.

మన ఊరి వాతావరణాన్ని కూడా లెక్కలో వేసుకో. మే నెలలో గాలి వేడెక్కి పలచబడుతుంది, అరకు దారిలో 1,000 మీటర్లు ఎక్కితే ఇంకో పదో వంతు దాకా తగ్గుతుంది. బీచ్‌రోడ్డు మీద పొగ లేకుండా నడిచిన మ్యాప్ అక్కడ నల్లగా కక్కుతుంది. ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచే జాలీ) రెక్కల్లో దుమ్ము పేరుకుంటే ఆ నష్టం రెట్టింపవుతుంది, నీళ్లతో మెల్లగా కడిగించు. మీటరు పైకి పోతుంటే ఎక్కుడులో గేరు తగ్గించు. ఇంజన్ వేగం పెరిగి గాలి ఎక్కువ అందుతుంది, వేడి దిగుతుంది. ఎక్కువ గేరులో మోపుగా తొక్కడమే అన్నిటికన్నా చెడ్డది. ఘాట్ ఎక్కి ఆగాక ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపు, లేకపోతే టర్బో బేరింగులో నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020లోనే మారుతి డీజిల్ ఆపేసింది కాబట్టి నీ బండి కొత్తదేమీ కాదు. ముందు ఇంజెక్టర్లకు లీకేజీ టెస్టు చేయించు, చెడిన ఇంజెక్టరు టకటకను ట్యూనింగ్ మీదికి నెట్టి పోట్లాడకు. కంపెనీ ఇచ్చిన 190 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 220 దగ్గర ఆపించు, క్లచ్ కూడా అంతకు మించి ఇష్టపడదు. పైలట్ ఇంజెక్షన్, పొగ రాకుండా డీజిల్‌కు హద్దు పెట్టే స్మోక్ లిమిటర్ తీసేయనని మ్యాప్ రాసేవాడి దగ్గర ముందే మాట తీసుకో. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, ఇన్సూరెన్సువాళ్లకు తెలపకపోతే క్లెయిము నిలవకపోవచ్చు. ఆ భారం తెలిసే దిగు.

మ్యాప్ రాయించకముందు ఒక ఆదివారం తెల్లవారుజామునే వచ్చేయ్. మీటరు బిగించి, అడవివరం నుంచి సింహాచలం కొండ ఎక్కిస్తూ ఏ గేరులో ఎంత చూపిస్తోందో నువ్వు చదువు, నేను కాగితం మీద రాసుకుంటాను. ఆ కాగితం ట్యూనింగ్ అయ్యాక కావాలి.

ఇట్లు,
మామయ్య