పద్మినికి ఓమ్నీ ఇంజిన్ ఎక్కించినవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: పాలకొల్లులో మీ తాతగారి 1974 ప్రీమియర్ పద్మిని కారు ఉంది, ఇంజిన్ పట్టేసింది, బరువు తక్కువ కదా అని 650 సీసీ బైక్ ఇంజిన్ పెడదామనుకుంటున్నారు, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని.

పనికిరాదండి. నేను పెట్టింది బైక్ ఇంజిన్ కాదు, మారుతీ ఓమ్నీ వ్యానుది. భీమవరం దగ్గర మా ఊళ్లో, మా మావయ్య షెడ్లో వదిలేసిన పద్మినికి 2016లో ఎక్కించాను. ఆ తంటాలన్నీ పడ్డాను కాబట్టి చెబుతున్నా.

650 ఎన్‌ఫీల్డ్ బైక్ ఇంజిన్‌కి 47 హార్స్‌పవర్. పద్మిని సొంత 1089 సీసీ ఇంజిన్‌కి 40 చిల్లర. కాగితం మీద మీదే గెలుపు. కానీ ఆ 47 వచ్చేది 7,000 ఆర్‌పీఎం దాటాక. పద్మిని ఖాళీగానే 900 కేజీల దాకా ఉంటుంది. బైక్ క్లచ్‌ని చేసింది రెండొందల చిల్లర కేజీల బండీ, మీద ఇద్దరు మనుషులూ అని లెక్కేసి. ఇంగ్లండ్‌లో మినీలకి బైక్ ఇంజిన్లు బిగించి రేసులాడేవాళ్లు ఉన్నారు గానీ ఆ కారు 600 చిల్లర కేజీలే. అదీ కాక, మీ బైక్ గేర్ బాక్సులో రివర్స్ ఉండదు. కాలవ గట్టు మీద వెళ్తుంటే ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చిందనుకోండి, ఏం చేస్తారు? దిగి తోసుకోవాలి.

అలాగని ఎక్కడిదో ఇంజిన్ తెచ్చి కారుకి పెట్టడమే తప్పని నేననను. బ్రిటన్‌లోనే 1963లో వచ్చిన హిల్‌మన్ ఇంప్ అనే బుల్లి కారుంది. దాని 875 సీసీ అల్యూమినియం ఇంజిన్‌కి మూలం మంటలార్పే నీళ్ల పంపు కోసం కోవెంట్రీ క్లైమాక్స్ కంపెనీ చేసిన తేలిక ఇంజిన్. చేలో ఆయిల్ ఇంజిన్ పట్టుకెళ్లి మనవాళ్లు పడవకి బిగించుకోలేదూ, అలాగే.

నేను ఓమ్నీకి వెళ్లడానికి కారణం ఉంది. మారుతీ 800దీ అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, కానీ అడ్డంగా కూర్చుని ముందు చక్రాల్ని తిప్పుతుంది. ఓమ్నీలో నిలువుగా ఉండి, షాఫ్ట్ ద్వారా వెనక చక్రాల్ని తిప్పుతుంది. పద్మినిదీ అదే పద్ధతి. ఇంజిన్, గేర్ బాక్సు కలిపి సెట్టుగా విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పాత ఇంజిన్‌ని దింపడానికి చెయిన్ బ్లాకు కావాల్సొచ్చింది. కొత్తదాన్ని మాత్రం వెదురు గడకి తాడేసి ఇద్దరం మోసుకొచ్చాం. అప్పుడు నా సంతోషం చూడాలి.

బిగించాక మొదట తెలిసింది లైట్ల సంగతి. ముందు బరువు తగ్గేసరికి కాయిల్ స్ప్రింగులు సాగి బండి మూతి పైకి లేచింది, రాత్రి పూట లైట్లు కొబ్బరి మొవ్వల మీద పడేవి. స్ప్రింగు ఒక చుట్టు కోయించాం (కటింగ్ డిస్కుతో కోయించండి, గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి స్ప్రింగు చచ్చిపోతుంది). స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు పోయి గేరు రాడ్డు ఫ్లోర్‌లోంచి వచ్చింది. దాంతో ముందు సీటు మధ్యలో కూర్చునే మా అమ్మమ్మ చోటు పోయింది. ఆవిడ ఆ కారు మళ్లీ ఎక్కలేదు.

షాఫ్ట్ కోసి, అతికించి, బ్యాలెన్సింగ్ లేకుండా వేసేశాం. 50 దాటితే అద్దంలో వెనక బండి ఒకటి నాలుగుగా కనిపించేది. దాన్ని మళ్లీ విజయవాడ పట్టుకెళ్లాల్సొచ్చింది.

ఇవన్నీ చిన్నవే. అసలు దెబ్బ గోదావరి మీదున్న చించినాడ వంతెన దగ్గర తగిలింది. నలుగురం అంతర్వేది బయల్దేరాం. చదును రోడ్డు మీద ఎంత బాగా వెళ్లిందో, వంతెన ఎక్కుడు మొదలవగానే థర్డ్‌లో పుల్లింగ్ పోయింది. సెకండ్‌కి దించితే ఇంజిన్ అరుస్తోంది, ముందుకు మాత్రం పాకుతోంది. వెనక ఆటోలవాళ్ల హారన్లు. చివరికి ఇద్దర్ని దించి నడిపించాను. తిరిగొచ్చాక మా మెకానిక్ కిందకి దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇంజిన్ బానే ఉందండి. హౌసింగే దీనికి సరిపోదండి" అన్నాడు.

హౌసింగ్ అంటే వెనక ఇరుసు, దాన్ని తిప్పే గేర్లు ఉండే పెట్టె. విషయం ఏంటంటే, ఓమ్నీకి 12 అంగుళాల చక్రాలు. ఆ చిన్న ఇంజిన్‌కి తగ్గట్టు దాని హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అనే గేర్ల పళ్ల లెక్క కూడా వేరు. నేను పద్మిని హౌసింగ్, దాని 14 అంగుళాల చక్రాలు అలాగే ఉంచేశాను. అంటే ఇంజిన్ చిన్నది, లాగాల్సిన గేరేమో పెద్దది. ఇంజిన్‌కి బలం ఎంతుందని కాదు, ఆ బలం చక్రం దగ్గరికి ఎంత చేరుతోందన్నది ముందు చూసుకోవాలి. నేను చూసుకోలేదు. తర్వాత స్ప్రింగ్ సీట్లు (ఇరుసు మీద స్ప్రింగులు కూర్చునే పట్టీలు) మార్చి వెల్డ్ చేయించి ఓమ్నీ హౌసింగే ఎక్కించాం, వెనక 13 అంగుళాల రిమ్ములు వేశాం. వంతెన ఎక్కుతుంది. 70 దాటితే మాత్రం ఏడుస్తుంది. ముందు చక్రాలు వేరు, వెనకవి వేరు కాబట్టి డిక్కీలో రెండు స్టెప్నీలు. మొత్తం లక్షా పదివేలు అయింది.

పద్మినికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మన ఉప్పు గాలికి ఇంజిన్‌ని మోసే ముందు రెయిల్స్ తుప్పు పట్టి ఉంటే కొత్త మౌంటింగులు దేనికి వెల్డ్ చేస్తారు? స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మాది ఒక పక్క బిస్కెట్‌లా రాలింది.

కాగితాల సంగతి నేను చేసినట్టు చేయకండి. ముందు బిగించి, తర్వాత రవాణా ఆఫీసుకి వెళ్లాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్సీ వివరాలు కంపెనీ తయారుచేసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. మాది ఇప్పుడు రోడ్డెక్కదు, మా చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోస్తోంది. మీకు ఇంకో నష్టం కూడా ఉంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారుని వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకునే రూలు 2021లో వచ్చింది. రోజూ తిరగడానికి కాదు లెండి, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. మీది 1974 కాబట్టి వయసు సరిపోయింది. ఇంజిన్ మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

అందుకని ముందు ఇంజిన్ హెడ్డు విప్పించి, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) కొలిపించండి. పట్టేసిన ఇంజిన్లలో చాలావాటికి స్లీవులు, పిస్టన్లు వేయిస్తే సరిపోతుంది. పాతదాన్ని మాత్రం తుక్కు కింద అమ్మకండి. మాది పశువుల పాకలో ఇటుకల మీద, బోర్లలో ఆయిల్ పోసి, గోనె కప్పి ఉంది. ఈ సంక్రాంతికి దాన్నే మళ్లీ ఎక్కిద్దామని చూస్తున్నా. మీ హెడ్డు విప్పాక బోర్లు ఎలా ఉన్నాయో రాయండి.