భూస్థిర ఉపగ్రహానికి ఇంధనం ఎందుకు?

ప్రశ్న: భూసమకాలిక కక్ష్య, భూస్థిర కక్ష్య ఒకటేనా? ఆకాశంలో ఒకేచోట ఉండే ఉపగ్రహానికి ఇంధనంతో పనేమిటి?

జవాబు: ఒకటి కావు. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలోనే ఉపగ్రహమూ ఒక చుట్టు పూర్తిచేస్తే అది భూసమకాలికం. (చాలామంది 24 గంటలంటారు. అలా పెడితే ఉపగ్రహం రోజుకు దాదాపు ఒక డిగ్రీ పడమరకు జరిగిపోతుంది.) ఆ కక్ష్య గుండ్రంగా, సరిగ్గా భూమధ్యరేఖకు పైన, తూర్పు దిశగా సాగితేనే భూస్థిరం. ఎత్తు 35,786 కి.మీ., వేగం సెకనుకు 3.07 కి.మీ. కక్ష్య వాలితే మాత్రం ఉపగ్రహం రోజూ 8 అంకె ఆకారంలో ఉత్తర దక్షిణాలకు ఊగుతూ కనిపిస్తుంది.

ఇంధనం ఖర్చయ్యేది ముఖ్యంగా ఈ వాలును సరిదిద్దడానికే. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల కక్ష్య ఏడాదికి సుమారు 0.85 డిగ్రీ వాలుతుంది. దాన్ని నిలబెట్టాలంటే ఏటా సెకనుకు 50 మీటర్ల దాకా వేగం మార్చాలి. భూమధ్యరేఖ కచ్చితమైన వృత్తం కాదు కాబట్టి తూర్పు పడమరలకూ జారుడు ఉంటుంది. వదిలేస్తే ఉపగ్రహం 75 డిగ్రీల తూర్పు రేఖాంశం వైపో, 105 డిగ్రీల పడమర వైపో కదులుతుంది. దీని సవరణకు ఏటా సెకనుకు 2 మీటర్లు చాలు.

ఇంధనం అడుగంటినప్పుడు ఉత్తర దక్షిణ సవరణ ఆపేసి ఉపగ్రహాన్ని మరికొన్నేళ్లు నడపవచ్చు. అప్పుడు పెద్ద డిష్‌లకే ముందు చిక్కు. వాటి పుంజం (డిష్ సిగ్నల్ అందుకోగల దిశల పరిధి) సన్నగా ఉంటుంది కాబట్టి, ఉపగ్రహాన్ని వెంటాడే మోటార్లు లేకపోతే సిగ్నల్ రోజూ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఎంత పొదుపు చేసినా, చివర్లో మరో 300 కి.మీ. పైకి పంపి కక్ష్య ఖాళీ చేయడానికి సరిపడా ఇంధనం మిగుల్చుకోవాల్సిందే.