ఉలవచారు పొడికి కాలనీ డబ్బు: ఇస్తామన్నది పొట్లమా, రొక్కమా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నేనూ మా తోడికోడలూ కలిసి ఉలవచారు పొడి తయారుచేశాం. నీళ్లలో రెండు చెంచాలు కలిపి ఒక్క పొంగు రానిస్తే చారు రెడీ. కాలనీలో అందరికీ రుచి చూపిస్తే బాగా నచ్చింది. రోస్టరు, పొడి కొట్టే పల్వరైజరు, పౌచ్ సీలింగ్ మెషిను, షెడ్డు అడ్వాన్సు కలిపి ఎనిమిది లక్షలు కావాలి. క్రౌడ్‌ఫండింగ్, అంటే పదిమంది దగ్గరా తలా కొంత పోగుచేద్దామని మా మరిది వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ పెట్టాడు: ‘మనిషికి 5,000 కట్టండి. నెలకో పొట్లం ఫ్రీ. ఏడాది తిరిగాక 6,000 వాపసు. లాభాలొస్తే వాటా కూడా. షుగర్ ఉన్నవాళ్లకు దివ్యౌషధం.’ 41 మంది నా ఖాతాకు ఫోన్‌పే చేశారు. మొత్తం 2,05,000. ఇప్పుడేమో బ్యాంకులో చేసి రిటైరైన మా బాబాయి, ‘ఇది చిట్‌ఫండ్ కేసు, జైలుకు పోతారు’ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజమేనా? పొట్లం ఫోటో కూడా పంపుతున్నాను. – ఒక పాఠకురాలు

జవాబు: చిట్‌ఫండ్ అయితే కాదమ్మా. అలాగని మీ బాబాయిగారి మాట కొట్టిపారేయకండి. ముందు ఒక పని చేయండి. ఈ జవాబు చదవడం పూర్తయ్యేలోపే మీ మరిదితో గ్రూపుల్లో ‘ఇక ఎవరూ డబ్బు పంపొద్దు’ అని పెట్టించండి. పాత మెసేజ్ మాత్రం డిలీట్ చేయించొద్దు. పచ్చళ్ల వ్యాపారం చేసే ఒకాయన అలాగే డిలీట్ చేసి నా దగ్గరకొచ్చారు. డబ్బు కట్టినవాళ్లలో ఒకరి దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. తుడిచేసిన మెసేజ్‌కు సంజాయిషీ చెప్పుకోవడమే ఆయనకు అసలు కేసుకన్నా కష్టమైంది.

క్రౌడ్‌ఫండింగ్ అన్న మాట పట్టుకుని చట్టంలో వెతికితే మీకేమీ దొరకదు. పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2014 జూన్‌లో దీని మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది, అది నిబంధనల దాకా రాలేదు. కాబట్టి మీరు దానికి పెట్టిన పేరు ఎవరికీ పట్టదు. డబ్బు ఇచ్చినవాళ్లకు బదులుగా ఏం ఇస్తామన్నారు? పొట్లమైతే అది అమ్మకం. రొక్కమైతే డిపాజిట్. వాటా అయితే పెట్టుబడి. మీ మరిది పాపం మూడూ ఒకే మెసేజ్‌లో కుక్కేశాడు.

అన్నిటికన్నా ప్రమాదం ‘ఏడాది తిరిగాక 6,000 వాపసు’ అన్న ముక్క. అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం అని 2019లో ఒకటి వచ్చింది. కంపెనీలకే కాదు, మీలాంటి వ్యక్తులకూ వర్తిస్తుంది. నియంత్రణ సంస్థల పరిధిలో లేని పథకం పెట్టి డిపాజిట్లు అడిగితే ఏడాది నుంచి ఐదేళ్లు, తీసుకుంటే రెండు నుంచి ఏడేళ్లు జైలు, పైన లక్షల్లో జరిమానా. మీ అమ్మగారి దగ్గరో అన్నయ్య దగ్గరో తీసుకున్న అప్పు దీని కిందికి రాదు, దగ్గరి బంధువులకు మినహాయింపు ఉంది. ‘వ్యాపారంగా’ డిపాజిట్లు తీసుకుంటేనే నేరమని చట్టంలో ఉన్న మాట పట్టుకుని, మాది ఉలవచారు వ్యాపారమే గానీ డిపాజిట్ల వ్యాపారం కాదని కోర్టులో నేను వాదించగలను. ఆ వాదనలో బలం ఉంది కూడా. కానీ ఒకే షరతుతో, ఒకే మొత్తం, గ్రూపులో ప్రకటించి 41 మంది దగ్గర తీసుకున్నది చూస్తే ఏ ఇన్‌స్పెక్టరుకైనా అది పథకంలాగే కనిపిస్తుంది. నా వాదన నెగ్గేదాకా మీరు తిరగాల్సిన వాయిదాలు ఎన్నో లెక్కవేసుకోండి.

ఇక ‘లాభాల్లో వాటా’. మీకు కంపెనీ లేదు కాబట్టి షేర్లిచ్చే ప్రసక్తే లేదు. రేపు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టినా ఊరందరినీ పిలిచి షేర్లు కొనమనడం కుదరదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ముందే ఎంచుకున్న వ్యక్తులకు, పేరుపేరునా ఆఫర్ లేఖ ఇచ్చి, బ్యాంకు ద్వారానే డబ్బు తీసుకోవాలి. ఏడాదిలో 200 మందికి మించకూడదు, ప్రకటనలు అసలే కూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌ను ప్రకటన కాదని ఒప్పించడం నావల్ల కాదు. పోనీ అందరినీ పార్ట్‌నర్లుగా చేర్చుకుందామంటే 50 మంది దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అప్పులకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు. 5,000 కట్టి ఉలవచారు తాగుదామనుకున్న ఎదురింటి పిన్నిగారికి ఆ సంగతి తెలిస్తే మీ ముఖం చూడదు.

మిగిలింది పొట్లం. అది మీకు నిక్షేపంగా పనికొస్తుంది. సరుకు కోసం ముందుగా డబ్బు తీసుకోవడం అడ్వాన్సు బుకింగ్ లాంటిదే. పైన చెప్పిన 2019 చట్టం కూడా, వ్యాపారంతో నిజమైన సంబంధం ఉన్న అడ్వాన్సును డిపాజిట్‌గా చూడదు. మెలిక ఒకటుంది. సరుకు ఇవ్వలేక డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తే, ఇవ్వాల్సిన తేదీ నుంచి 15 రోజులు దాటగానే ఆ అడ్వాన్సే డిపాజిట్ అయిపోతుంది. కంపెనీ పెడితే ఇంకో గడువు, అడ్వాన్సు తీసుకున్న 365 రోజుల్లోపు సరుకు ఇచ్చి తీరాలి. ఆలస్యం మీకే కాదు, అందరికీ జరుగుతుంది. అమెరికాలో సాయిలెంట్ అని, భోజనానికి బదులు తాగే పొడి ఒకటుంది. 2013లో జనాన్ని లక్ష డాలర్లు అడిగితే అంతకు ఎన్నో రెట్లు వచ్చాయి. ముందే డబ్బు కట్టినవాళ్లు పొట్లాల కోసం 2014 దాకా ఎదురుచూశారు. కాబట్టి మీరు మూడు నెలల్లో ఇవ్వగలమనుకుంటే మెసేజ్‌లో ఆరు నెలలని రాయండి.

లెక్క కూడా ఒకసారి చూసుకోండి. ఎనిమిది లక్షల ప్రీఆర్డర్లు, అంటే ముందస్తు ఆర్డర్లు తీసుకుంటే ఎనిమిది లక్షల పొడి బాకీ పడ్డట్టే. ఆ డబ్బంతా మెషిన్లకు పెట్టేస్తే ఉలవలు, చింతపండు దేనితో కొంటారు? మెషిన్లకు బ్యాంకు లోనే సరైన దారి. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో పెట్టిన పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు ఏ పథకం కింద ఇస్తున్నారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

ఇప్పుడు మీ పొట్లం ఫోటో. నాకు దీని మీదే ఎక్కువ బెంగ. ముందు ‘ఉలవచారు పొడి, 100% నేచురల్’ అని పెద్దక్షరాలు, వెనకాల ఒక ఫోన్ నంబరు. అంతే! బరువు లేదు, ధర లేదు, తయారీ తేదీ లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు, బ్యాచ్ నంబరు లేదు, పదార్థాల జాబితా, పోషక విలువలు లేవు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క లేదు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు లేదు. ఆ నంబరు లేదంటే మీకు రిజిస్ట్రేషనే లేదని అర్థం. లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ లేకుండా ఆహార వ్యాపారం చేయకూడదని 2006 ఆహార భద్రత చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. ‘నెలకో పొట్లం ఫ్రీగానే ఇస్తున్నాం కదా’ అనకండి. లాభం కోసం చేసినా చేయకపోయినా అది ఆహార వ్యాపారమే. వంటింట్లో చేసినా అంతే. చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. టర్నోవరు పరిమితి అక్కడే చూసుకోండి, అది మారుతుంటుంది. రిజిస్ట్రేషన్ ఇచ్చేది తయారుచేసే చోటి చిరునామాకు. ఇంటి చిరునామా మీద తీసుకుని షెడ్డులో వండితే చెల్లదు. అందుకని షెడ్డు ఖాయమయ్యేదాకా పౌచ్‌లు ప్రింటింగుకు ఇవ్వకండి. పదివేల పౌచ్‌లు కొట్టించి, తర్వాత ఒక్కోదాని మీద స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చున్నవాళ్లను చూశాను.

‘నేచురల్’ కూడా తీసేయాలి. ఏమీ కలపని ఒకే పదార్థానికే ఆ మాట వాడాలని 2018 ప్రకటనల నిబంధనలు. మీ పొడిలో చింతపండు, మిరపకాయ, వెల్లుల్లి ఉన్నాయాయె. ‘షుగర్‌కు దివ్యౌషధం’ అయితే సరేసరి. ఆహారం రోగాన్ని నయం చేస్తుందని రాయకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా పది లక్షల దాకా ఉంది. పైగా, పొట్లం కొన్న ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో దాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. ఆ పరీక్ష మీరే ముందు గుర్తింపు ఉన్న ల్యాబులో చేయించుకుంటే, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో కూడా తేలుతుంది.

జీఎస్టీ గురించి మీరు అడగలేదు గానీ, ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా దాని రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఎవరో ఒకరు చెబుతారు. తెలంగాణలో సరుకులకు కూడా పరిమితి 20 లక్షలే. బెంగళూరులో ఉన్న చెల్లెలి స్నేహితురాలికి ఒక్క పొట్లం అమ్మినా వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, దానికి ముందే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

ఇక ఆ 2,05,000. అందులో ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. కొత్త కరెంటు ఖాతా తెరిచి అక్కడికి మార్చండి. 41 మందికీ విడివిడిగా మెసేజ్ పంపి, డబ్బు వాపసు కావాలో, ప్రీఆర్డర్‌గా మార్చుకోవాలో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పది రోజుల్లో జవాబు రాకపోతే వచ్చిన ఖాతాకే తిప్పి పంపేయండి. దీంతో జరిగిందంతా చెరిగిపోతుందని హామీ ఇవ్వను. కానీ డబ్బు ముట్టినవాడు ఫిర్యాదు చేయడం అరుదు, మీ ఉద్దేశం మంచిదని చూపించడానికి కాగితమూ మిగులుతుంది.

ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక గ్రూపులో పెట్టాల్సింది ఇంతే, మీ మరిదిని ఒక్క ముక్క కూడా కలపనివ్వకండి: ‘ఉలవచారు పొడి ముందస్తు ఆర్డర్లు. 1,000 రూపాయలకు 200 గ్రాముల పొట్లాలు ఆరు. ఫలానా తేదీలోగా అందిస్తాం. అందకపోతే ఆ తర్వాత ఏడు రోజుల్లో మొత్తం డబ్బు వాపసు. ఇది పెట్టుబడి కాదు, వడ్డీ గానీ లాభంలో వాటా గానీ ఉండదు.’