మధురవాడ నగర శివారా?

సందేహం: మేము చాలా ఏళ్ళుగా విశాఖపట్నం మధురవాడలో ఉంటున్నాము. ఇంటి పన్ను మహా విశాఖ నగరపాలక సంస్థకే కడుతున్నాము. అయినా వార్తల్లో ‘విశాఖ శివారు మధురవాడ’ అనే రాస్తున్నారు. శివారు అంటే ఊరి బయట అనే కదా అర్థం? శివారు, పొలిమేర, సరిహద్దు ఒకటేనా? ‘శివార్లు’ అనవచ్చునా? (ఒక పాఠకురాలు, మధురవాడ)

సమాధానం: శివారు అంటే ఊరి బయట కాదమ్మా. అది ఊరిలోనిదే అయిన చివరి భాగం. కాలువ కింది రైతులు ‘శివారు భూములకు నీరందలేదు’ అని వాపోయినప్పుడు ఆ భూములు ఆయకట్టుకు వెలుపలివని ఎవరూ అనుకోరు. అవి ఆయకట్టులోనివే, కాకపోతే నీరు చిట్టచివర చేరేవి. రెవెన్యూ వ్యవహారంలోనూ అంతే. ప్రధాన గ్రామానికి అనుబంధంగా, దాని లెక్కల్లోనే ఉండే చిన్న ఊరిని శివారు గ్రామం అంటారు. మరాఠీలో ‘శివార్’ అంటే ఒక ఊరికి చెందిన పొలాలు. కాబట్టి ‘విశాఖ శివారు’ అన్నంత మాత్రాన మిమ్మల్ని నగరం నుంచి వెలివేసినట్టు కాదు.

పొలిమేర దీనికి భిన్నమైనది. పొలము, మేర అనే రెండు మాటలు కలిసి ఏర్పడిన ఈ పదానికి ఒక ఊరి పొలం ముగిసి పక్క ఊరి పొలం మొదలయ్యే చోటు అని అర్థం. అంటే పొలిమేర ఉండాలంటే రెండు ఊళ్ళుండాలి, వాటి నడుమ పొలాలుండాలి. ఎండాడకూ మధురవాడకూ మధ్య ఇప్పుడు వరసగా అపార్టుమెంట్లే కనిపిస్తాయి కనుక అక్కడ పొలిమేరను చూపించమంటే ఎవరూ చూపించలేరు. నగరానికి ఈ మాట వాడటం తప్పని నేను అనను గాని, అది అలంకారమని గుర్తుంచుకుని వాడటం మంచిది.

సరిహద్దు పారసీకంలోని ‘సర్‌హద్’ నుంచి వచ్చింది. మనవాళ్ళ చెవికి మొదటి భాగం ‘సరి’గా వినిపించి, ఆ రూపమే స్థిరపడింది. జిల్లా, రాష్ట్రం, దేశం వంటి వాటికి ప్రభుత్వం గీసిన గీతకు ఈ పదం చక్కగా సరిపోతుంది. ఇంటి దస్తావేజులో చెక్కుబందీ కింద నాలుగు దిక్కులా రాసేవి వట్టి హద్దులే. వాటిని సరిహద్దులని రాసినా తప్పు లేదు. మీ దస్తావేజును ఒకసారి తీసి చూడండి. నగరపాలక సంస్థకు పన్ను కట్టే స్థలానికి కూడా అందులో ‘మధురవాడ గ్రామం’ అనే ఉండవచ్చు, ఎందుకంటే సర్వే నంబర్లు నేటికీ గ్రామాల పేరిటే నడుస్తున్నాయి.

విశాఖలో ఈ మాటల తేడా పాటించడం మరీ అవసరం. 1979లో నగరపాలక సంస్థ అయిన ఈ ఊరు 2005లో గాజువాక పురపాలక సంఘాన్నీ 32 గ్రామాలనూ కలుపుకొని మహా విశాఖ అయింది. ఆ తరువాత భీమునిపట్నం (భీమిలి), అనకాపల్లి పురపాలక సంఘాలు కూడా అందులో కలిశాయి. 2022లో అనకాపల్లి వేరే జిల్లాకు కేంద్రమైనా నగరపాలక సంస్థలో మాత్రం కొనసాగింది. అందువల్ల అనకాపల్లి పట్టణవాసి విశాఖ నగర పరిధిలో ఉంటూనే విశాఖ జిల్లా సరిహద్దుకు అవతల ఉన్నాడు. పరిధి, సరిహద్దు ఒకటేనని రాసేవారు ఈ స్థితిని ఒక్క వాక్యంలో చెప్పబోతే చిక్కుపడతారు. పాలనాధికారం వర్తించే మేరకు పరిధి అనీ, దాన్ని వేరుచేసే గీతకు సరిహద్దు అనీ రాస్తే ఏ చిక్కూ ఉండదు.

జనం నోటిలో మరో కొలత ఉంది. భీమిలి బస్టాండులో ఒక పెద్దావిడను ఎక్కడికని అడిగితే ‘వైజాగ్ వెళ్తన్నాం బాబూ’ అన్నారు. ఆవిడ నిలబడిన చోటు కూడా మహా విశాఖే. గాజువాకవారు ‘టౌన్‌కి వెళ్తున్నాం’ అంటారు. వీరి దృష్టిలో నగరమంటే పరిధి కాదు, నడిబొడ్డు. వాల్తేరు సంగతీ చూడండి. 1987 దాకా విశాఖ రైల్వే స్టేషను పేరు వాల్తేరే. ఒకప్పుడు వేరే ఊరైన ఆ వాల్తేరును ఇప్పుడు శివారు అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఇక్కడ ఒక విశేషం గమనించాను. నగరం నిజంగా ముగిసిపోయేది తూర్పున సముద్రం దగ్గర. అయినా ఆర్.కె. బీచ్‌ను ‘నగర శివారు’ అని ఎవరూ అనరు. తీరం అంటారు, ఒడ్డు అంటారు. శివారు అనిపించుకోవాలంటే అంచున ఉంటే చాలదు, నడిబొడ్డుకు దూరంగా, ఇంకా ఊరు సాగడానికి నేల మిగిలి ఉన్న దిక్కున ఉండాలి.

ఈ లెక్కన మధురవాడను శివారు అనడం ఒకప్పుడు సరైనదే. పరిధి భీమిలి దాకా సాగిన తరువాత మీ ప్రాంతం చివర కాదు, నడుమ పడింది. కాబట్టి పత్రికలవారు ‘విశాఖ మధురవాడలో’ అని రాస్తే చాలు; శివారు అనే విశేషణం అక్కర లేదు.

‘శివార్లు’ వ్యవహారంలో స్థిరపడిన రూపమే, నిస్సందేహంగా వాడవచ్చు. అయితే ఒకే చోటును చెప్పేటప్పుడు ‘నగర శివార్లలోని ఫలానా కాలనీ’ కంటే ‘నగర శివారులోని’ అనే ఏకవచనమే మేలు.