హ్యాండిల్ పూర్తిగా పైకి పోతోందా?

ప్రశ్న: సార్, మాది పుత్తూరు. పద్దెనిమిదేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాను, ఇక్కడి పౌరుణ్ణి. జింకల వేట సీజన్ కోసం .30-06 అనే రైఫిల్ తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటాను, అంటే కాల్చిన కేసుల్లో (తూటా ఇత్తడి గొట్టాల్లో) మళ్ళీ పౌడర్ పోసి కొత్త బుల్లెట్ బిగిస్తాను. నాది నాలుగు డైలు (ఒక్కోటి ఒక్కో పని చేసే అచ్చులు) పట్టే టరెట్ ప్రెస్, హ్యాండిల్ కొట్టినప్పుడల్లా టరెట్ అనే పళ్ళెం తిరిగి తర్వాతి డై కేసు మీదికి వస్తుంది. పిస్టల్ తూటాలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రైఫిల్ తూటాల దగ్గరికి వచ్చేసరికి టరెట్ సగం తిరిగి ఆగిపోతోంది. ఒక్కోసారి బుల్లెట్ మొన డైకి గీసుకుంటోంది. తయారైన తూటాల పొడవులో పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాకా తేడా వస్తోంది. టరెట్‌ను తిప్పే ప్లాస్టిక్ ర్యాచెట్ రెండుసార్లు మార్చాను. ప్రెస్సే మార్చేయమంటారా?

జవాబు: మార్చొద్దు నాయనా. మీది పుత్తూరంటున్నారు కాబట్టి మీకు తెలిసిన సంగతే చెబుతాను. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు ముందు వేళ్ళతో తడిమి, ఎముక ఎక్కడ విరిగిందో చూసుకున్నాకే కట్టు కడతారు. మీరు తడమకుండానే రెండు కట్లు కట్టేశారు. మీరు చెప్పినవి మూడు వేరువేరు ఇబ్బందులు. మూడింటికీ ఒకే మందు వెయ్యకండి.

మొదటిది, టరెట్ సగంలో ఆగడం. మా అల్లుడు అరిజోనాలో ఉంటాడు, ఆయనకూ ఇదే తంటా వచ్చింది. నేను ముప్పయ్యేళ్ళు ఫిట్టర్‌గా చేసినవాణ్ణని వీడియో కాల్ చేశాడు. ఇక్కడ తిరుపతి బైరాగిపట్టెడలో రాత్రి పదిన్నర, వాళ్ళకు ఉదయం పది. ర్యాచెట్ చూపించాడు, బాగానే ఉంది. టరెట్‌ను తిప్పే మెలికల ఇండెక్స్ కడ్డీ చూపించాడు, అదీ వంగకుండా నిటారుగానే ఉంది. "ఫోన్ దూరంగా పెట్టి, ఖాళీగా నాలుగుసార్లు హ్యాండిల్ కొట్టు" అన్నాను. నాలుగోసారికి కనిపించింది. హ్యాండిల్ పైకి వెళ్ళేటప్పుడు దాని గుండు, పైన అలమరలో పెట్టిన డబ్బా అంచుకు తగులుతోంది! రెండు వేళ్ళ మందం అడ్డం, అంతే. హ్యాండిల్ ఆ కాస్త ఆగితే ర్యామ్ (కేసును డైలోకి ఎత్తే కమ్మీ) అడుగు దాకా దిగదు. ర్యామ్ అడుగు దాకా దిగకపోతే కడ్డీ మెలిక పూర్తిగా తిరగదు, టరెట్ తన గాడిలో కూర్చోదు. పిస్టల్ తూటాలకు ఆయన కూర్చుని హ్యాండిల్ ఎత్తేవాడు. రైఫిల్ తూటాలకు ఎక్కువ బలం కావాలని ముక్కాలిపీట తీసేసి నిలబడి, మిషన్‌ను బల్ల లోపలికి జరిపాడు. అదీ అసలు కారణం. డబ్బా తీసేయగానే సరిపోయింది.

కాబట్టి మొదట చూడవలసింది మీ హ్యాండిల్ దారి. తర్వాత మీ చెయ్యి. సగంలో ఆపి వెనక్కి లాగే అలవాటుంటే ర్యాచెట్ అరిగిపోతుంది. మీకు రెండుసార్లు పోయిందంటే నాకు ఆ అనుమానమే ఎక్కువ.

రెండోది, మొన గీసుకోవడం. దీంట్లో ప్రెస్ తప్పేమీ లేదు. .30-06 ఖాళీ కేసే దాదాపు 63 మిల్లీమీటర్లు, బుల్లెట్ కూర్చోబెట్టాక గరిష్ఠంగా 85కు చేరుతుంది. అంత పొడుగు తూటా మొన డైలోంచి బయటపడకముందే టరెట్ తిరగడం మొదలుపెడుతుంది. దీనికి ఇండెక్స్ కడ్డీని పైకి లాగి పక్కన పెట్టేయండి. టరెట్‌ను చేత్తో తిప్పుకోండి. యాభై కేసులకు ఒకే పని పూర్తి చేసి, అప్పుడు తర్వాతి డైకి వెళ్ళండి. పొడుగు రైఫిల్ తూటాలకు నేను చెప్పేది ఎప్పుడూ ఇదే. వేగం తగ్గుతుంది, నిజమే. కానీ ఏ తప్పు ఏ దెబ్బలో పుట్టిందో మీకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, ఇది టెన్షన్ పెట్టడానికి కాదు, ప్రాణం మీద ప్రేమతో చెబుతున్నాను. కడ్డీ ఉండగా టరెట్ గాడి తప్పితే, పౌడర్ పడని కేసు గానీ, రెండుసార్లు పడిన కేసు గానీ మీ చేతికి రావచ్చు. అలా ఒక్కసారి తప్పినా ఆ కేసులో ఉన్నది బయట పోసేసి మళ్ళీ మొదలుపెట్టండి. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడండి. పౌడర్ కొలత మాత్రం అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్‌లో ఉన్నదే వాడండి, నా దగ్గరా మరెవరి దగ్గరా అడగొద్దు.

మూడోది, పదిహేను థౌ తేడా. మీరు వర్నియర్‌తో మొన నుంచి అడుగు దాకా కొలుస్తున్నారా? అలాగైతే ఆ కొలతను నమ్మొద్దు. బుల్లెట్‌ను కూర్చోబెట్టే డై మొనను తాకదు, మొన కింది వంపును పట్టుకుని నొక్కుతుంది. మెత్తని సీసపు మొన ఉన్న బుల్లెట్లు డబ్బాలోనే ఒకదానికొకటి పొడుగు తేడాగా ఉంటాయి. వంపు దగ్గర కొలిచే కంపారేటర్ బిగించి మళ్ళీ చూడండి, తేడా చాలావరకు పోతుంది.

పోకపోతే టరెట్ పళ్ళెం మీద వేలు పెట్టి, కేసును మళ్ళీ సరైన కొలతకు తెచ్చే సైజింగ్ డైలోకి నొక్కండి. పళ్ళెం వెంట్రుకంత పైకి లేవడం వేలికి తెలుస్తుంది. అది ఈ మిషన్‌కు సహజం, ఎందుకంటే పళ్ళెం తన రింగులో కాస్త వదులుగానే కూర్చుంటుంది. ప్రతిసారీ అదే ఎత్తుకు లేస్తే బాధ లేదు. ఎక్కువ తక్కువ లేస్తోందంటే, కేసులకు పూసే మైనం సమంగా లేదన్నమాట. ఒక కేసు సాఫీగా పోతుంది, ఇంకొకటి మొరాయిస్తుంది. మైనం ఎక్కువైతే కేసు భుజం (మెడ కింది వాలు) దగ్గర సొట్ట పడుతుంది, తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది. డై సెట్ చేసేటప్పుడు ఖాళీగా కాకుండా, మైనం రాసిన కేసు లోపల ఉండగానే అమర్చండి. పూర్తిగా నొక్కినప్పుడు, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌కూ డై మూతికీ మధ్య వెలుతురు కనిపించకూడదు.

డైల లాక్ నట్ల మీదా, పళ్ళెం మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి, వదులైతే చూడగానే తెలుస్తుంది. కేసులు 2.494 అంగుళాలు దాటితే 2.484కు కోయించుకోండి. బుల్లెట్ కూర్చోబెడుతూనే కేసు మూతిని క్రింప్ చేస్తున్నారేమో (లోపలికి నొక్కి బిగిస్తున్నారేమో) కూడా చూసుకోండి. కేసుల పొడుగు ఒకేలా లేకుండా ఆ రెండు పనులూ ఒకే దెబ్బలో చేస్తే భుజం ఉబ్బి తూటా రైఫిల్లోకి దిగదు.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడితోట కాపలాకు లైసెన్స్ తుపాకీ ఉంది. ఇలాంటి ప్రెస్ నేనూ తెప్పించుకోవచ్చా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. తుపాకీ ఉంచుకునే లైసెన్స్ వేరు, తూటాలు తయారుచేసే లైసెన్స్ వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీకి ప్రత్యేకంగా అనుమతి ఉండాలి, అది లేకుండా చేస్తే నేరం. తూటాలు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే కొనండి. ఎన్ని కొనొచ్చో మీ లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. చాలకపోతే లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనే అర్జీ పెట్టుకోండి.