యాత్రికుల కాల్స్ పోకుండా ప్రకటనల కాల్స్ ఆపడం

మీది తిరుపతిలో లాడ్జి, ప్రకటనల కాల్స్ ఆగాలి, యాత్రికులవి పోకూడదు, యాప్ ఓపెన్ సోర్స్‌దే (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) కావాలి, ఏది పెట్టుకోవాలని అడిగారు కదా. అయితే ఫాసిఫై ఫోన్ అనే కాల్స్ యాప్ పెట్టుకోండన్నా, ఓపెన్ సోర్స్ యాప్‌లుండే ఎఫ్-డ్రాయిడ్ స్టోర్‌లో దొరుకుతుంది. సింపుల్ డయలర్ అనే పాత యాప్ 2023లో వేరే కంపెనీ చేతికి పోయాక దాని కోడ్ నుంచే వచ్చింది.

కాంటాక్టుల్లో లేని నంబర్లన్నీ ఆపే సెట్టింగ్ ఒకటుంది, దాని జోలికి పోవద్దు. మీ బేరమంతా కొత్త నంబర్లదే కదా! బ్లాక్ జాబితాలో 140* ఒకటి, +91140* ఒకటి రాయండి (* ఉన్నచోట ఏ అంకెలైనా సరే అని), 140తో మొదలయ్యేది టెలిమార్కెటింగ్ వాళ్లకిచ్చిన సిరీస్. *140* అని మాత్రం పెట్టకండి, మధ్యలో ఆ అంకెలున్న యాత్రికుడి కాలూ ఆగిపోతుంది.

మెసేజీలకు క్విక్ (QUIK) అనే యాప్ చూడ్డానికి బాగుంటుంది గానీ, నా ఓటు ఫాసిఫై మెసేజెస్‌కే. "లోన్" లాంటి పదం ఇస్తే ఆ మెసేజీలు ఆపుతుంది. ఈ ఫాసిఫై యాప్‌లు ట్రూకాలర్‌లా కొత్తవాళ్ల పేర్లు మాత్రం చూపవు.