ఆదివారం ఎన్ని పడవలొచ్చాయి?

అమ్మాయీ,

రెండు దొప్పలు (హల్స్) పక్కపక్కన ఉండే క్యాటమరాన్ పడవల రేసుల మీద, ఆ పడవల రకాల మధ్య, అంటే క్లాసుల మధ్య, వైరం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నాలుగో పేజీ దాకా కోపంగానే చదివాను. ఆ పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, ఆ పూటకి ఇంకేమీ చదవలేకపోయాను. "డార్ట్ 18 క్లాసులో ఆ రోజు ఒక్క పడవే వచ్చింది. దాని తాలూకు పెద్దాయన కాసేపు సముద్రం వంక చూసి, తెరచాప చుట్టుకుని వెళ్లిపోయాడు" అని రాశావు. బాగుంది. కానీ ఆ వెంటనే ఫార్ములా 18 అనే ఇంకో క్లాసు పడవ ఎంత వేగంగా పోతుందో చెప్పడానికి పరిగెత్తావు. ఆయన్ని ఒడ్డున అలా వదిలేసి వెళ్లడానికి నీకు మనసెలా ఒప్పింది?

ముందు కోపం సంగతి చెప్పేస్తాను. క్యాటమరాన్ అనే మాట తమిళ 'కట్టుమరం' నుంచి వచ్చిందనీ, కాబట్టి ఈ ఆటంతా అసలు మనదేననీ మొదటి రెండు పేజీలూ గర్వంగా నింపావు. మాట మన తీరానిదే, కాదనను. నేను భీమిలి ఒడ్డున పెరిగినవాణ్ణి. మా దగ్గర దాన్ని తెప్ప అంటారు. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కట్టేవాళ్లు. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగల్ని ఇసకలో విడివిడిగా ఆరబెట్టేవాళ్లు. వాటి మీద ఉప్పు తెల్లగా పేరుకునేది, పిల్లలం గోళ్లతో గీకేవాళ్లం. ఇప్పుడు అక్కడంతా ఫైబర్ తెప్పలే. ఆ తెప్పకి రెండు హల్స్ ఎక్కడివి? రెండు హల్స్ మధ్య దూలాలు వేసి కట్టే పద్ధతి పసిఫిక్ దీవుల వాళ్లది. మన మాట తీసుకెళ్లి వాళ్ల పడవకి పెట్టారు, అంతే. ఇది ఒప్పుకుంటే నీ రెండు పేజీలూ రెండు వాక్యాలవుతాయి.

చరిత్రే కావాలంటే 1876 తీసుకో. ఆ ఏడాది న్యూయార్క్ రేసుకి అమెరికా పడవల రూపకర్త నథానియల్ హెరెషాఫ్ 'అమరిల్లిస్' అనే రెండు హల్స్ పడవ తెచ్చి, మామూలు పడవలన్నిటినీ వెనక్కి నెట్టేశాడు. వాళ్లు అభ్యంతరం పెట్టారు. గెలిచిన పడవని లెక్కలోంచి తీసేశారు. నీ పడవ నా పడవతో పోటీకి తగదు అనే తగువు అప్పటిది. నీ వ్యాసానికి పనికొచ్చే చరిత్ర ఇది, మాట పుట్టుక కాదు.

ఇక అసలు విషయం. "ఒకప్పుడు బోలెడు పడవలు వచ్చేవి" అన్నావు. బోలెడంటే ఎన్ని? "ఇప్పుడు జనానికి ఆసక్తి తగ్గింది" అన్నావు. ఎన్నింటి నుంచి ఎన్నింటికి తగ్గింది? పన్నెండు పేజీల్లో మీ క్లబ్బులో మొత్తం ఎన్ని పడవలున్నాయో ఒక్కచోటా లేదు. నలభై ఏళ్లుగా రాస్తున్నాను, నేను గట్టిగా పట్టుకున్నది ఒక్కటే: రాసేవాడు లెక్కపెట్టాలి. అక్కడ నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ, ఒకటి, రెండు, మూడు అని. ఎవరో చెప్పినది కాదు, ఎక్కడో చదివినది కాదు.

నాకు ఈ అలవాటు ఎలా వచ్చిందో చెబుతాను. 1983లో నేను ఫ్లోరిడాలో చదువుకుంటున్నాను. స్కాలర్‌షిప్ డబ్బులు గదికీ బియ్యానికీ సరిపోయేవి, ఆదివారం ఎటూ వెళ్లడానికి మిగిలేవి కావు. మా ల్యాబులో పనిచేసే ఒకాయనకి హోబీ 16 అనే ఇద్దరు నడిపే క్యాటమరాన్ ఉండేది. ఆయన భార్యకి నెలలు నిండుతున్నాయి, పడవలో తోడుగా పనిచేసే మనిషి (క్రూ) కావాలి. నీ బరువెంత అని అడిగాడు. యాభై నాలుగు కిలోలు అన్నాను. ఈత వచ్చా అని కూడా అడక్కుండా రమ్మన్నాడు. మొదటి రేసులోనే, గాలికి వాలుగా పోతుండగా ముందు కొసలు నీళ్లలో గుచ్చుకున్నాయి, పడవ ముక్కు మీద పల్టీ కొట్టింది. నేను మాస్టు (తెరచాప కొయ్య) పైనుంచి దిగే ట్రపీజ్ తీగకి వేలాడుతూ గాల్లోంచి వెళ్లి మాస్టుకి అవతల పడ్డాను. అరటికాయలా వంపు తిరిగిన ఆ హల్స్‌కి ఆ అలవాటు ఉందని తర్వాత తెలిసింది. పడవని నిలబెట్టడానికి ఇద్దరం తాడు పట్టుకుని వెనక్కి వాలాం. లేవలేదు. మా బరువు చాల్లేదు. పక్క పడవ వాడు తన రేసు వదులుకుని వచ్చి, మా తాడు పట్టుకున్నాడు. అప్పుడు లేచింది. ఆ రోజు ఒడ్డుకొచ్చాక చేతులు వణుకుతుంటే పడవలు లెక్కపెట్టాను. 38. జేబు డైరీలో రాసుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం రాశాను. 38, 35, 36. గాలివాన రోజు 19. మూడేళ్ల తర్వాత 22. ఇంకో నాలుగేళ్లకి 9. ఒక నవంబరులో 2. ఆ రెండింట్లో ఒకటి మాది.

ఎందుకు తగ్గాయో ఆ డైరీ చూస్తే తెలిసింది నాకు. అందరికంటే బాగా నడిపే ముగ్గురు ముందు వెళ్లిపోయారు. కొత్త పడవలు కొన్నారు, మూడూ మూడు రకాలు. తప్పు వాళ్లదీ కాదు, పడవలు చేసేవాళ్లదీ కాదు. పక్కనున్న చెరువులో చేపలు కనిపిస్తే వలవాడు ఇటే కూర్చోడు కదా. కానీ మధ్యరకం వాళ్లం ఎవరిని దాటాలని వారమంతా ఎదురుచూసేవాళ్లమో వాళ్లే లేరు. తర్వాత మధ్యవాళ్లు వెళ్లారు. ఆఖరికి కొత్తగా నేర్చుకునేవాళ్లకి వెనక నుంచి చూసి నేర్చుకోవడానికి ఎవరూ మిగల్లేదు. పన్నెండు పడవలు ఒక క్లాసు అయితే అది రేసు. అవే పన్నెండు నాలుగు క్లాసులైతే మూడేసి పడవలు. వాటిలో ఒకరి బిడ్డకి జ్వరం వస్తే రెండు. అప్పుడు అందరినీ కలిపి ఒకటే స్టార్ట్ ఇచ్చి, వేగాన్ని బట్టి ఒక్కో రకం పడవకి ఒక్కో రేటింగ్ పెట్టి, సాయంత్రం టైముని సరిచేసి ఫలితం చెబుతారు. మీ దగ్గర టెక్సెల్ రేటింగ్ వాడతారని రాశావు. ఆ పద్ధతి అన్యాయమని నేననను. కానీ గీత ముందు దాటినవాడికి గెలిచానో లేదో తెలియదు. తన పక్కనే పోతున్నవాడితో పోటీ ఉందో లేదో తెలియదు. పక్కింటాయన అదే పడవ మీద నాకంటే అరనిమిషం ముందు ఎలా పోయాడు అనే మంట ఉంటేనే మనిషి వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడు. నువ్వు 'క్లాసుల మధ్య వైరం' గురించి పన్నెండు పేజీలు రాశావు. వైరం కావలసింది క్లాసు లోపల. క్లాసుల మధ్య వైరం ముదిరేకొద్దీ లోపలి వైరం చల్లారిపోతుంది. ఇది నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఫార్ములా 18 మిగతా క్లాసుల్ని "చంపేసింది" అనే మాట తీసెయ్. 90లలో వచ్చిన ఆ క్లాసు చేసిన మేలు పెద్దది. ఒకే కంపెనీ పడవ కొనాలనే నియమం లేదు, కొలతలు కలిస్తే ఎవరు చేసిన పడవైనా రావచ్చు. కనీస బరువు 180 కిలోలు పెట్టి, బరువైన జంటకి పెద్ద జిబ్ (ముందువైపు తెరచాప), పెద్ద స్పిన్నకర్ (గాలి వాలుకి పోయేటప్పుడు ఎత్తే ఉబ్బు తెరచాప) ఇచ్చారు. తేలికవాళ్లకి చిన్నవి. పెద్ద పోటీలకి వందకు పైగా పడవలు అలాగే చేరాయి. అదే 180 కిలోల పడవని అరవై దాటిన మనిషి అలలు తగ్గాక మెత్తటి ఇసకలో పైకి లాగాలంటే? చక్రాలున్నా ఇద్దరు ముగ్గురు కావాలి. ఏ-క్లాసు 75 కిలోలు, ఒక్కడే లాక్కోవచ్చు, ఒక్కడే నడపొచ్చు. మీ క్లబ్బులో నలుగురు ఏ-క్లాసుకి మారారని రాశావు కదా, వాళ్ల క్రూ ఏమయ్యారని అడిగావా? పెళ్లిళ్లయ్యాయా, ఊళ్లు మారారా, నడుం నొప్పులా? క్రూ దొరకని మనిషే ఒంటరి పడవ కొంటాడు. ఆ ఏ-క్లాసులోనూ ఇప్పుడు పడవని నీళ్ల మీదికి లేపే ఫాయిల్స్ (నీటి కింది రెక్కలు) వచ్చి, ఎగిరేవి ఓపెన్, ఎగరనివి క్లాసిక్ అని రెండు అయ్యాయి. మళ్లీ లెక్క సగం.

టోర్నడో గురించి నువ్వు రాసింది కూడా తొందరపాటే. 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న పడవ. తీసేయగానే పడిపోయిందన్నావు. దాని వెడల్పు పది అడుగులు. ట్రెయిలర్ మీద పెట్టి రోడ్డెక్కాలంటే విప్పాలి, లేదా ఒక పక్కకి ఎత్తి ఒరిగించాలి. ఫార్ములా 18 రెండు మీటర్ల అరవై మాత్రమే. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, మూడు గంటలు డ్రైవ్ చేయాల్సిన మనిషి ఏది కొంటాడో ఆలోచించు. రేసు సముద్రంలో జరుగుతుంది, ఎవరు వస్తారన్నది రోడ్డు మీద తేలుతుంది. ఒలింపిక్స్ పోయినా మనుషులు పోలేదు. అర్జెంటీనా ఆటగాడు సాంటియాగో లాంగే టోర్నడోలో 2004లో, 2008లో కంచు పతకాలు తెచ్చుకుని, ఊపిరితిత్తి క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత 54 ఏళ్ల వయసులో 2016లో నాక్రా 17 క్యాటమరాన్ మీద సిసీలియా కరాన్సాతో స్వర్ణం గెలిచాడు. నీ వ్యాసంలో ఆయన లేడు. పడవల పేర్లు మాత్రం పంతొమ్మిది ఉన్నాయి, నేను లెక్కపెట్టాను.

నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ దీవి చుట్టూ జరిగే రేసులో వందల తెరచాపలు చూసి ఈ ఆటకి ఢోకా లేదని ముగించావు. 1978 నుంచి జరుగుతున్న తీర్థం అది. తీర్థానికి ఎప్పుడూ జనం వస్తారు. గుడిలో మామూలు మంగళవారం దీపం ఎవరు పెడుతున్నారో అది చూడాలి.

ఇందాకటి డైరీ మీద ఒక వ్యాసం రాసి 1991లో ఒక వారపత్రికకి పంపాను. ఎడిటరు గారు అంకెలన్నీ తీసేశారు. "పాఠకులకి లెక్కలు విసుగు" అని కార్డు రాశారు. 38 పోయింది, 9 పోయింది, నవంబరు 2 కూడా పోయింది. మిగిలింది సూర్యాస్తమయం, రంగుల తెరచాపలు, "నా యవ్వనం" అనే మాట. అచ్చులో చూసుకుని రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పటికీ అదే ఫ్యాషన్: ఏది తగ్గిపోయినా దాని మీద ఒక నిట్టూర్పు, ఒక పాత ఫొటో. అంకెలన్నీ పెట్టి మళ్లీ రాశాను. మూడు చోట్ల తిప్పికొట్టారు. నాలుగోసారి ఒక చిన్న పత్రిక వేసుకుంది. నెల తిరక్కుండా కాకినాడ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన ఎప్పుడూ తెరచాప పడవ ఎక్కలేదు. నాటక సమాజం నడిపేవాడు. "మాకు రిహార్సల్‌కి 17 మంది వచ్చేవాళ్లు, తర్వాత 11, ఇప్పుడు నేనూ హార్మోనిస్టూ. మీ నవంబరు చదివి లేచి తలుపు వేసుకున్నాను" అని రాశాడు. ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. సూర్యాస్తమయం చదివి ఎవరూ నాకు ఉత్తరం రాయలేదు.

పేరు మార్చాలా అని అడిగావు, ఏ పత్రికకి పంపాలని అడిగావు, కలం పేరు గురించి కూడా ఏదో అడిగావు. ఇప్పుడు ఎక్కడికీ పంపకు.

ఈ ఆదివారం రేసు లేకపోయినా క్లబ్బుకి వెళ్లు. తెల్లారే వెళ్లు. పడవలు పెట్టే చోట నిలబడి లెక్కపెట్టు. నీళ్లలోకి వెళ్లినవి ఎన్ని, కవరు విప్పనివి ఎన్ని, చక్రాల చుట్టూ గడ్డి మొలిచినవి ఎన్ని, విడివిడిగా రాసుకో. గడ్డి మొలిచిన వాటి ఓనర్ల పేర్లు ఆఫీసులో ఉంటాయి, ఒక్కరికైనా ఫోన్ చెయ్. తర్వాత ఆ డార్ట్ పెద్దాయన దగ్గరికి వెళ్లు. ఎందుకు మానేశారు, బాధగా ఉందా అని అడక్కు. తెరచాప చుట్టడానికి అవతలి కొస పట్టుకో. అది ఇద్దరు చేసే పని, ఆయన ఒక్కడే చేస్తున్నాడు. చుడుతుండగా, స్టార్ట్ లైన్ మీద మీ పక్కన ఎప్పుడూ ఉండే తెరచాప నంబరేంటని అడుగు. ఆయనకి తప్పకుండా గుర్తుంటుంది. మా తాడు పట్టుకున్న పడవది 61407.

ఆయన చెప్పిన నంబరు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు